తల్లిపాలు బిడ్డకు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడం ఎలా

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో బాలింతను చూడడానికి వచ్చినవారు బిడ్డ ఏడుపు వినగానే ఎక్కువగా అనే మాట, "పాలు సాల్తలేవేమో బిడ్డా" అన్నదే. ఆ మాట వెనుక చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ కాన్పు అయి నాలుగు రోజులైనా నిండక, కుట్ల నొప్పితో, నిద్రలేమితో ఉన్న తల్లి మనసులో అది ముల్లులా దిగబడుతుంది. సాయంత్రానికి మెడికల్ షాపు నుంచి పాలడబ్బా ఇంటికి చేరుతుంది. డబ్బాపాలు తాగిన బిడ్డ ఎక్కువసేపు నిద్రపోయి రొమ్ము పట్టడం తగ్గిస్తుంది. బిడ్డ చీకడం తగ్గినకొద్దీ రొమ్ములో పాలు ఊరడం తగ్గుతుంది. అలా రెండు మూడు వారాలు గడిచేసరికి, మొదట ఎవరో ఊరికే అన్న మాట నిజమైపోతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైన ఇళ్లు కూడా ఉంటాయి. అక్కడ బిడ్డ ఏడవదు, పొద్దంతా పడుకునే ఉంటుంది, పాలకు లేపినా రెండు గుక్కలు తాగి మళ్లీ కళ్లు మూస్తుంది. "మా పాప శానా నెమ్మదస్తురాలు" అని ఇంట్లోవాళ్లు మురుస్తుంటారు. పాలు చాలని పసిబిడ్డల్లో ఎక్కువ ప్రమాదంలో ఉండేది గట్టిగా ఏడ్చే బిడ్డ కాదు, ఏడవడానికి కూడా ఓపిక చాలక నిద్రలోకి జారుకునే బిడ్డ. అందుకే ఏడుపును బట్టి గానీ, మౌనాన్ని బట్టి గానీ నిర్ణయానికి రాకూడదు. రొమ్ముకు కొలతగీతలు ఉండవు కాబట్టి బిడ్డ కడుపులోకి ఎన్ని పాలు వెళ్లాయో కంటితో చూడలేము. బిడ్డ నుంచి బయటికి ఏమి వస్తున్నదో, బిడ్డ ఒంటికి ఎంత పడుతున్నదో చూసి లెక్క కట్టాలి. తడిసిన గుడ్డలు, దొడ్డి రంగు, తూకంలో బరువు అనే మూడు సాక్ష్యాలు ఒకే మాట చెప్తుంటే, చుట్టుపక్కలవారు ఏమన్నా తల్లి నిబ్బరంగా ఉండవచ్చు.

మొదటి వారం

పుట్టిన రోజున బిడ్డ ఒక్కోసారి తాగేది రెండు నుంచి పది మిల్లీలీటర్లు మాత్రమే, అంటే ఎక్కువలో ఎక్కువ రెండు చిన్న చెంచాలు. మూడో రోజుకు అది 15 నుంచి 30 మిల్లీలీటర్లకు, నాలుగో రోజుకు 30 నుంచి 60 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు రోజులు రొమ్ము పిండితే చుక్కలు చుక్కలుగా మాత్రమే వచ్చే చిక్కటి పసుపుపచ్చని ముర్రుపాలు లోపానికి గుర్తు కావు. ఆ వయసు బిడ్డ కడుపుకు అవసరమైన కొలత అంతే. వ్యాధులను అడ్డుకునే పదార్థాలు వాటిలో దండిగా ఉంటాయి. వాటిని పిండి పారబోసి, ఆ స్థానంలో చక్కెర నీళ్లు, తేనె, మేకపాలు, గాడిదపాలు నాకించడం బిడ్డకు రెండు విధాల నష్టం. తేనె వల్ల అరుదుగానే అయినా ప్రాణాంతకమైన కండరాల పక్షవాతం వచ్చే వీలున్నది కనుక, ఏడాది నిండేవరకు ఏ రూపంలోనూ దాన్ని పెట్టకూడదు.

పాలు పడడం, అంటే రొమ్ములు బరువెక్కి తెల్లటి పాలు ధారాళంగా రావడం, సాధారణంగా కాన్పు తర్వాత రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య జరుగుతుంది. ఆపరేషన్ కాన్పు అయినవారికి, మొదటి కాన్పువారికి, రక్తస్రావం ఎక్కువైనవారికి, మధుమేహం ఉన్నవారికి ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి కాబట్టి, ఈ ఆలస్యం మన ఇళ్లలో చాలామందికి ఎదురయ్యేదే. ఆ ఎదురుచూపులో చేయవలసింది డబ్బా తెరవడం కాదు, బిడ్డను మరింత తరచుగా రొమ్ముకు పట్టించడం. కుట్ల నొప్పితో కూర్చోలేని తల్లి పక్కకు తిరిగి పడుకుని, బిడ్డ పొట్ట తన పొట్టకు ఆనేలా పడుకోబెట్టి పాలివ్వవచ్చు. తల్లిగారింట్లో అమ్మో, అక్కో, వదినో ఒకరు బిడ్డను అందించి వీపు వెనక దిండు పెడితే అదే ఆ వేళకు అన్నిటికన్నా పెద్ద సాయం.

మూత్రం లెక్క ఇలా ఉంటుంది. మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు బిడ్డ మూత్రం పోయాలి. అయిదో రోజు నుంచి ఇరవై నాలుగు గంటల్లో ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువసార్లు గుడ్డ బాగా తడవాలి. రంగు నీళ్లలా గానీ, లేత పసుపుగా గానీ ఉండాలి, ఘాటైన వాసన రాకూడదు. మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక పడితే చాలామంది రక్తమని భయపడతారు. అది మూత్రంలోని యూరేట్ లవణం మాత్రమే, ఆ రోజుల్లో దానికి భయపడనవసరం లేదు. అదే మరక నాలుగో రోజు దాటాక కూడా కనిపిస్తుంటే మాత్రం బిడ్డకు పాలు చాలడం లేదని అనుమానించి వెంటనే చూపించాలి. ఆడపిల్లల్లో మొదటి వారంలో కొద్దిగా నెత్తుటి చారలాంటి స్రావం కనిపించడం వేరే సంగతి. అది తల్లి హార్మోన్ల ప్రభావం, పాలతో దానికి సంబంధం లేదు.

ఈ లెక్కకు డైపర్ అడ్డం వస్తుంది. లోపలి జెల్ తడిని పీల్చుకుని పైకి పొడిగానే కనిపిస్తుంది కాబట్టి ఎన్నిసార్లు పోసిందో తేలదు. కనీసం మొదటి రెండు వారాలు ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీర గుడ్డలు వాడడం మేలు. డైపరే వాడవలసి వస్తే, పొడి డైపర్ మీద మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి ఎంత బరువెక్కుతుందో ఒకసారి చేత్తో పట్టి చూసుకుంటే, తడిసిన డైపర్ ఎలా ఉంటుందో తెలుస్తుంది. ప్రతి ఇంట్లో గోడకు క్యాలెండర్ ఉంటుంది. ఆ రోజు గడిలో మూత్రానికి ఒక గీత, దొడ్డికి ఒక చుక్క పెట్టమని ఇంట్లో ఒకరికి అప్పగించండి. రాత్రంతా మేలుకున్న తల్లి జ్ఞాపకం మీద ఆ భారం వేయడం సరికాదు.

దొడ్డి రంగు మారడం ఇంకా స్పష్టమైన సాక్ష్యం. మొదటి ఒకటి రెండు రోజులు తారులా నల్లగా, జిగురుగా వస్తుంది. పాలు లోపలికి వెళ్తున్నకొద్దీ మూడు, నాలుగు రోజుల్లో ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరిగి, అయిదో రోజుకల్లా ఆవపిండి ముద్ద రంగులో, పలుచగా, చిన్న చిన్న గింజల్లాంటి పలుకులతో పసుపుపచ్చగా వస్తుంది. అయిదో రోజుకు ఇంకా నల్లగానే వస్తుంటే పాలు లోపలికి చాలినన్ని పోవడం లేదని అర్థం. మొదటి నెలలో రోజుకు మూడు నాలుగు సార్లు, కొందరు పిల్లలు పాలు తాగిన ప్రతిసారీ దొడ్డికి పోతారు. ఇది పలుచగా ఉన్నంత మాత్రాన విరేచనాలు కావు. ఆరు వారాలు దాటాక కొందరు పిల్లలు నాలుగైదు రోజులకు, ఒక్కోసారి వారానికి పైగా ఒకసారి మాత్రమే పోతారు. మలం మెత్తగా ఉండి, పొట్ట మెత్తగా ఉండి, బరువు పెరుగుతుంటే దానికి ఆముదం పట్టవలసిన పని లేదు. అయితే మొదటి నెలలోనే అలా రోజుల తరబడి ఆగిపోతే అది వేరు, అప్పుడు బరువు చూడాలి.

బరువు

అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం బరువే. దురదృష్టవశాత్తు మన ఇళ్లలో అందరికన్నా ఆలస్యంగా అడిగేది కూడా దాన్నే. బిడ్డ "సన్నబడ్డది", "బొద్దుగుంది" అని చేతులతో ఎత్తి చెప్పే మాటలకు విలువ ఇవ్వకండి. వారానికి 150 గ్రాముల తేడాను ఏ చేయీ పసిగట్టలేదు.

పుట్టిన తర్వాత మొదటి మూడు నాలుగు రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గడం సహజం. ఏడు శాతం వరకు తగ్గితే కంగారు అక్కర లేదు. ఏడు దాటి పదికి దగ్గరవుతుంటే పాలు పట్టే తీరును ఎవరైనా తెలిసినవారు దగ్గరుండి చూడాలి. పది శాతం దాటితే ఆ రోజే వైద్యునికి చూపించాలి. ఆపరేషన్ సమయంలో తల్లికి ఎక్కించిన సెలైన్ కొంత బిడ్డ ఒంట్లోనూ చేరి మొదటి రోజు మూత్రంగా పోతుంది కనుక, అలాంటి పిల్లల్లో తగ్గుదల కాస్త ఎక్కువగా కనిపించవచ్చు. తగ్గిన బరువు మళ్లీ పుట్టినప్పటి అంకెకు పది నుంచి పద్నాలుగు రోజుల్లో చేరుకోవాలి. అక్కడి నుంచి మూడు నెలల వరకు రోజుకు సుమారు 20 నుంచి 35 గ్రాములు, అంటే వారానికి దాదాపు 150 నుంచి 250 గ్రాములు పెరగాలి. నాలుగో నెల నుంచి ఆ వేగం వారానికి వంద గ్రాములు, ఆపైన కొద్దిగా ఉంటుంది. అది తల్లిపాలు తగ్గినందువల్ల కాదు, పిల్లల పెరుగుదల సహజంగానే అప్పుడు నెమ్మదిస్తుంది. అయిదో నెల ప్రాంతానికి పుట్టినప్పటి బరువుకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావడం సాధారణ క్రమం.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. దేవరకొండ ప్రాంతంలో ఒక పాప 2.8 కిలోల బరువుతో పుట్టిందనుకుందాం. ఏడు శాతం అంటే సుమారు 200 గ్రాములు, కాబట్టి నాలుగో రోజు 2.6 కిలోలు ఉంటే భయం లేదు. 2.52 కన్నా తగ్గితే పది శాతం దాటినట్టు. పద్నాలుగో రోజుకు తిరిగి 2.8 ఉండాలి. అక్కడి నుంచి ఆరు వారాల టీకా రోజు వరకు ఇరవై ఎనిమిది రోజులు, రోజుకు 25 గ్రాముల చొప్పున 700 గ్రాములు చేరి దాదాపు మూడున్నర కిలోలు కావాలి. ఆ పాప పక్కింటి నాలుగున్నర కిలోల బాబు పక్కన చిన్నగా కనిపించినా, తన లెక్కలో తాను చక్కగా ఉన్నట్టే. పిల్లను పిల్లతో పోల్చకూడదు. నిన్నటి అంకెతో నేటి అంకెను పోల్చాలి.

తూకానికి ఎక్కడికో వెళ్లవలసిన అవసరం లేదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఉన్న ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలని ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం చెప్తున్నది. తూకం, థర్మామీటర్ ఆమె సంచిలోనే ఉంటాయి. తల్లి కాన్పుకు తల్లిగారి ఊరికి వచ్చి ఉంటే, అత్తగారి ఊరి ఆశా కార్యకర్త దగ్గర పేరు ఉండి ఇక్కడ లేకపోవడం తరచూ జరుగుతుంది. అలాంటప్పుడు ఈ ఊరి ఆశా కార్యకర్తకు కబురు చేసి, ఫలానా రోజు కాన్పు అయిందని ఇంటివాళ్లే చెప్పాలి. ఇరవై ఒకటో దినం దాకా బాలింతను, బిడ్డను గడప దాటించని ఇళ్లలో కూడా తూకమే గడప లోపలికి వస్తుంది కాబట్టి ఆచారానికి అడ్డు ఏమీ ఉండదు. అంగన్‌వాడీ కేంద్రంలో, ఏఎన్‌ఎం ఉండే ఉపకేంద్రంలో, పల్లె దవాఖానలో, ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాల రోజున కూడా బరువు చూపించుకోవచ్చు.

వీలైనంతవరకు ఒకే తూకం మీద, బట్టలు విప్పి చూడాలి. ఒక తూకానికీ మరో తూకానికీ వంద గ్రాముల తేడా ఉండడం మామూలే. మొలతాడు, కడియాలు, ఉన్ని టోపీతో ఒకసారి, అవేవీ లేకుండా ఇంకోసారి తూచి, బరువు తగ్గిందని బెంగపడిన కుటుంబాలు ఉన్నాయి. చూసిన అంకెను ఎంసీపీ కార్డు అని పిలిచే తల్లీబిడ్డల రక్షణ కార్డులో రాయించి, అందులోని పెరుగుదల పటంలో చుక్క పెట్టించాలి. ఆడపిల్లల పటం గులాబీ రంగులో, మగపిల్లల పటం నీలం రంగులో ఉంటుంది. చుక్కలను కలిపిన గీత ఆకుపచ్చ భాగంలో పైకి సాగుతుంటే బాగున్నట్టు, పసుపులోకి దిగితే బరువు తక్కువ, నారింజలోకి దిగితే బాగా తక్కువ. అయితే రంగుకన్నా గీత ఎటు పోతున్నదన్నది ముఖ్యమని నా ఉద్దేశం. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ గీత పసుపులో మొదలై పైకి వెళ్తుంటే అది మంచి వార్త. ఆకుపచ్చలోనే ఉన్నా గీత వరుసగా రెండుసార్లు అడ్డంగా సాగితే అప్పుడే ఆరా తీయాలి.

పాలు తాగుతున్నప్పుడు చూడవలసినవి

రొమ్ము నోట్లో ఉన్నంత మాత్రాన పాలు తాగుతున్నట్టు కాదు. బిడ్డ నోరు బాగా తెరిచి, చనుమొనను మాత్రమే కాక దాని చుట్టూ ఉన్న నల్లటి వలయంలో ఎక్కువ భాగాన్ని, ముఖ్యంగా కింది వైపు భాగాన్ని, నోట్లోకి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి, బుగ్గలు లోపలికి గుంటలు పడకుండా ఉబ్బి ఉండాలి. మొదట గబగబా చిన్నచిన్నగా చీకి, పాలు దిగగానే నెమ్మదిగా, లోతుగా చీకుతూ మధ్యమధ్య ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలో గడ్డం కిందికి దిగి, గుటక వేసిన మెత్తని చప్పుడు వినిపిస్తుంది. ఫ్యాను ఆపి, మాటలు ఆపి ఒక్క నిమిషం వింటే తెలిసిపోతుంది. నిమిషాల తరబడి పెదవులు మాత్రమే వణికినట్టు కదులుతూ గుటక వినిపించకపోతే, బిడ్డ రొమ్ము పట్టుకుని నిద్రపోతున్నట్టే. అప్పుడు రొమ్మును చేత్తో మెల్లగా నొక్కి పట్టుకుంటే పాలు నోట్లోకి దిగి మళ్లీ గుటకలు మొదలవుతాయి.

తల్లికి పాలిచ్చినంతసేపూ నొప్పి ఉండడం, బిడ్డ వదిలాక చనుమొన నలిగి, పక్కకు చదునుగా కనిపించడం, పగుళ్లు రావడం నోటి పట్టు సరిగా లేదని చెప్పే గుర్తులు. చిటికెన వేలిని బిడ్డ పెదవి మూలలో పెట్టి పట్టు విడిపించి, మళ్లీ నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి పట్టించాలి. అంగిలి చీలిక ఉన్నా, నాలుక కింద పొర బిగుతుగా ఉన్నా ఎంత ప్రయత్నించినా పట్టు కుదరదు. అది డాక్టరు చూడవలసిన సంగతి.

ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు పట్టాలి. రాత్రి పాలు మానకూడదు, ఎందుకంటే పాలు ఊరించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది. పుట్టినప్పటి బరువుకు తిరిగి చేరేవరకు బిడ్డ నిద్రపోతున్నా రెండు మూడు గంటలకొకసారి లేపాలి. పొత్తిళ్లు విప్పి, అరికాళ్లు నిమిరి, గుడ్డ మారిస్తే లేస్తుంది. చేతులు నోటికి తెచ్చుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం, పెదవులు చప్పరించడం ఆకలికి తొలి గుర్తులు. ఏడుపు వాటన్నిటి తర్వాత వస్తుంది. అందుకే ఏడ్చేదాకా ఆగితే బిడ్డ రొమ్ము పట్టుకోవడానికే మొరాయిస్తుంది.

సాక్ష్యంగా తీసుకోకూడనివి

సాయంత్రం పూట రెండు మూడు గంటలపాటు వదలకుండా రొమ్ము అడగడం, పట్టినా ఏడవడం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలా ఎక్కువగా కనిపించేదే. ఆ ఏడుపు ఆరో వారం చుట్టూ గరిష్ఠానికి చేరి, మూడో నెల చివరికి తగ్గుతుంది. రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు, మూడు నెలలప్పుడు కొన్ని రోజులు బిడ్డ ఎక్కువసార్లు అడుగుతుంది. అడిగినన్నిసార్లు ఇస్తే రెండు మూడు రోజుల్లో పాలే దానికి తగ్గట్టు పెరుగుతాయి.

ఆరు వారాలు దాటాక రొమ్ములు మెత్తబడడం, పాలు కారడం ఆగిపోవడం పాలు ఎండిపోయినట్టు కాదు. ఎప్పుడు ఎంత కావాలో శరీరం అలవాటు చేసుకున్నదని అర్థం. పంపుతోనో చేత్తోనో పిండితే కొద్దిగానే వచ్చినా అదే బిడ్డకు అందే కొలత అనుకోకూడదు, బిడ్డ నోరు తీసినన్ని పాలు పంపు తీయలేదు. పాలు నీళ్లలా పలుచగా, కొంచెం నీలంగా కనిపించడం కూడా లోపం కాదు. రొమ్ము చిన్నదా పెద్దదా అన్నదానితో పాల పరిమాణానికి సంబంధం లేదు. పాలు తాగిన వెంటనే సీసా పెడితే బిడ్డ మళ్లీ తాగింది కాబట్టి కడుపు నిండలేదనే వాదన కూడా నిలవదు. నోట్లో ధారగా పడేదాన్ని చీకి మింగడం పసిబిడ్డ సహజ చర్య, అది ఆకలికి రుజువు కాదు.

ఇంత చెప్పినా, తల్లికి గట్టిగా అనుమానం ఉంటే ఆమె మాట కొట్టిపారేయవద్దు. తూకం తెప్పించండి. రెండు నిమిషాల్లో తేలే విషయానికి రెండు వారాలు వాదించుకోనవసరం లేదు.

ఎండాకాలం, నీళ్లు, బాలింత పథ్యం

నల్లగొండలో మే నెలలో ఎండ నలభై అయిదు డిగ్రీలకు చేరువైన రోజుల్లో, బిడ్డ గొంతు ఎండిపోతుందని నీళ్లు పట్టాలని పెద్దవాళ్లకు అనిపించడం సహజమే. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే ఉంటుంది. ఆరు నెలలు నిండేవరకు ఎంత ఎండలోనూ బిడ్డకు విడిగా నీళ్లు అక్కర లేదు. నీళ్లతో చిన్న కడుపు నిండితే ఆ మేరకు పాలు తగ్గుతాయి, మూత్రం మాత్రం ఎక్కువసార్లు వస్తుంది, దాంతో మూత్రం లెక్క అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఎండ పూట బిడ్డ ఎక్కువసార్లు, కొద్దికొద్దిసేపు రొమ్ము అడిగితే ఇవ్వాలి. గ్రైప్ వాటర్, చక్కెర నీళ్లు కూడా నీళ్ల కిందే లెక్క.

మర్రిగూడ, నాంపల్లి వంటి మండలాల్లో భూగర్భజలంలోని ఫ్లోరైడ్ తరతరాలను ఎలా వంచిందో ఈ జిల్లావారికి కొత్తగా చెప్పవలసిన పని లేదు. తల్లి ఆ నీళ్లు తాగినా ఆమె పాలలోకి ఫ్లోరైడ్ చాలా స్వల్పంగా మాత్రమే చేరుతుంది. బోరు నీళ్లతో డబ్బాపాలు కలిపితే మాత్రం ఆ నీటిలో ఉన్నదంతా బిడ్డ కడుపులోకే పోతుంది, మరిగించినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. డాక్టరు సలహాతో డబ్బాపాలు తప్పనిసరైన ఇంట్లో మిషన్ భగీరథ ద్వారా వచ్చే శుద్ధి చేసిన నీళ్లే మరిగించి వాడాలి.

బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం, కారంపొడి అన్నంతో సరిపెట్టడం మానాలి. దాహమైనప్పుడల్లా తాగాలి. అవసరానికి మించి బలవంతంగా తాగినందువల్ల పాలు పెరగవు, కానీ దాహం అణచుకుంటే తల్లి నీరసపడుతుంది. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, ఆకుకూరలు, పాలు, మాంసం తినే ఇంట్లో కాళ్ల షోర్వా, ఏదైనా తినవచ్చు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద బాలింతకు ఇచ్చే భోజనం, గుడ్డు, పాలు ఆమె వంతుగా ఆమే తినేలా చూడాలి. వెల్లుల్లి, మెంతులు, పచ్చి బొప్పాయి కూర మీద ఇళ్లలో ఉన్న నమ్మకాన్ని కాదనవలసిన పని లేదు. వాటిని నమ్ముకుని రొమ్ము పట్టించే సార్లు మాత్రం తగ్గించకూడదు.

నిజంగానే చాలడం లేదని తేలితే

తూకం, మూత్రం రెండూ తక్కువే అని చెప్తే, ముందు నోటి పట్టును సరిచేయాలి, ఎక్కువ ఇళ్లలో లోపం అక్కడే దొరుకుతుంది. ప్రతిసారీ ఒక రొమ్ము మెత్తబడేదాకా ఇచ్చి, తర్వాత రెండోది ఇవ్వాలి. రోజుకు కనీసం పదిసార్లు పట్టించాలి. తల్లి ఛాతీ మీద బిడ్డను బట్టలు లేకుండా ఆనించి పడుకోబెట్టుకుంటే బిడ్డ ఎక్కువసార్లు వెతుక్కుంటుంది. పాలు పట్టాక ప్రతి రొమ్మునూ పది నిమిషాలు చేత్తో పిండి, ఆ పాలను శుభ్రంగా కడిగి మరిగించిన ఉగ్గుగిన్నెతో పట్టాలి. సీసా పీక అలవాటైతే రొమ్ము పట్టడం చెడుతుంది కాబట్టి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న ఉగ్గుగిన్నే మేలు. నెలలు నిండకుండా పుట్టిన, 2.5 కిలోల కన్నా తక్కువ బరువున్న పిల్లలకు త్వరగా అలుపు వస్తుంది గనుక ఇది మొదటి రోజు నుంచే అవసరం కావచ్చు.

అదే సమయంలో తల్లిని కూడా పరీక్షించాలి. థైరాయిడ్ లోపం, తీవ్రమైన రక్తహీనత, కాన్పులో అధిక రక్తస్రావం, గర్భాశయంలో మాయ ముక్క మిగిలిపోవడం, రొమ్ముకు గతంలో జరిగిన ఆపరేషన్, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు పాలను తగ్గిస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉన్నది. దిగులుతో, నిద్రలేక కుంగిపోయిన తల్లికి మందుకన్నా ముందు రెండు పూటల నిద్ర, ఇంటిపని నుంచి విడుపు, "నీకు చేతకాదు" అనే మాట నుంచి విముక్తి కావాలి. కొందరు తల్లులకు అన్నీ చేసినా పూర్తిగా సరిపడినన్ని పాలు రావు. వారికి డాక్టరు చెప్పిన మేరకు పైపాలు చేర్చడం తప్పు కాదు, అవమానం అంతకన్నా కాదు. వచ్చినన్ని తల్లిపాలు ఇస్తూనే మిగతాది పూడ్చాలి. పైపాలంటే డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలిపినవే. పొడి ఆదా అవుతుందని నీళ్లు ఎక్కువ పోయడం బిడ్డను ఆకలికి వదిలేయడమే అవుతుంది. శిశు ఆహారాల ప్రకటనలను, తల్లులకు ఉచిత నమూనాల పంపిణీని 1992 నాటి చట్టం నిషేధించింది కాబట్టి, దుకాణదారు చేతిలో పెట్టిన డబ్బాను వైద్య సలహాగా పొరబడకూడదు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

బిడ్డ వరుసగా రెండు మూడుసార్లు పాలు తాగకపోయినా, లేపినా లేవకుండా మెత్తబడి ఉన్నా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, నోరు ఎండి మాడు గుంటపడినా, ఒళ్లు కాలినా లేక చల్లబడినా, నిమిషానికి అరవై, అంతకుమించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. పచ్చకామెర్లు పుట్టిన మొదటి రోజునే కనిపించినా, అరచేతులకు, అరికాళ్లకు పాకినా అంతే తొందర అవసరం. ఆ పసుపు పదార్థం దొడ్డి ద్వారానే బయటికి పోవాలి కనుక, పాలు చాలని బిడ్డలో కామెర్లు వేగంగా పెరుగుతాయి. ఎండలో పడుకోబెట్టడం, పసరు పోయించడం దానికి చికిత్స కావు.

108కి ఫోన్ చేసి, నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ విభాగాలున్నాయి. దారిలో బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి పైన దుప్పటి కప్పాలి. తాగగలిగితే తల్లిపాలు పడుతూనే ఉండాలి, తాగలేని బిడ్డ నోట్లో బలవంతంగా ఏదీ పోయకూడదు. ఎంసీపీ కార్డును, గీతలూ చుక్కలూ పెట్టిన క్యాలెండర్ కాగితాన్ని వెంట తీసుకెళ్లి, పుట్టినప్పటి బరువు ఎంతో, చివరగా మూత్రం ఎప్పుడు పోసిందో ముందుగా చెప్పండి. బిడ్డను ప్రత్యేక విభాగంలో ఉంచితే, తల్లి రెండు మూడు గంటలకొకసారి పాలు పిండి నర్సుకు అందించాలి. డబ్బాపాలు రాసిస్తే ఎన్ని మిల్లీలీటర్లు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులవరకు, మళ్లీ తూకం ఎప్పుడు అని అడిగి, ఆ జవాబులు కార్డులోనే రాయించుకోండి.